వరద గీత మీద చేప

నా కొంప ముంచింది వాన కాదు, మా పెయింటర్ బావ.

వాన నన్నెప్పుడూ మోసం చేయలేదు. వస్తున్నానని ముందే ఉరిమి చెబుతుంది. చెప్పినట్టే వస్తుంది, నా షాపులో మోకాలి లోతు నిలబడుతుంది, ఉన్న సోఫాలన్నిటికీ కడుపు నిండా నీళ్లు తాగించి పోతుంది. బావ అలా కాదు. నవ్వుతూ వస్తాడు. "చెల్లెమ్మా, పంచదార కాస్త దిట్టంగా" అని మా ఆవిడ చేత టీ పెట్టించుకుని తాగుతాడు. ఆయన లేచి వెళ్లాక చూసుకుంటే మన కాళ్ల కింద నేల ఉండదు. మా అక్కను చేసుకున్ననాటి నుంచీ ఇదే వరస.

నాది సోఫా పని. పాత సోఫాకి చర్మం ఒలిచి, స్ప్రింగులు బిగించి, కొత్త ఫోము పెట్టి, రెక్సిన్ కుట్టి తొడుగుతాను. ఏడో తరగతిలో లెక్కల మాస్టారు నన్ను బెంచీ ఎక్కించాడు. ఆ బెంచీ మీద నుంచి కిటికీ దూకి పోయినవాణ్ని మళ్లీ బడి మొహం చూడలేదు. అప్పటి నుంచీ జనం కూర్చునే వాటి సంగతే చూసుకుంటున్నాను.

మా వీధి ఏటవాలు. అన్నిటికంటే పైన ప్రెసిడెంటు గారిల్లు. ఆయన బ్యాంకులో మేనేజరుగా చేసి దిగిపోయాడు, వీధి సంఘానికి మాత్రం దిగకుండా ప్రెసిడెంటు. నడుమ పాల బూతు ఆవిడ ఇల్లు, దాని కింద బావ ఇల్లు, చిట్టచివర నా షాపు. షాపు పక్కనుంచి వెనకున్న పెద్ద కాలువ దాకా నా సొంత జాగా ఒక పట్టీ ఉంది. వెడల్పు తక్కువ, పొడుగెక్కువ. నేనది కొన్నప్పుడు బావ వచ్చి చూసి, "ఇందులో ఏం చేస్తావురా, పామును పెంచుతావా?" అన్నాడు. అందులో రేకుల షెడ్డు వేయాలని నా ఆశ. ఇప్పుడు మూడు సీట్ల సోఫా తిరగేస్తే షాపులో నాకే చోటుండదు. రోడ్డు మీద నిలబడి, లోపలికి చెయ్యి చాపి మేకులు కొట్టుకుంటాను. ఆ షెడ్డు ఒక్కటి పడితే నేనూ మనిషిలా నీడన నిలబడి పని చేస్తాను. అంతకు మించి ఈ జన్మకి నాకు పెద్ద కోరికలు లేవు.

ఇలా ఉండగా వీధి పైనున్న గుట్ట మీద ఒక కంపెనీ నాలుగు వందల ఫ్లాట్లు కట్టడానికి ప్లాను పెట్టింది. గుట్ట మట్టిగా ఉన్నప్పుడే వానకి మాకీ గతి పట్టింది. రేపు దాని నెత్తిన సిమెంటు పోస్తే చుక్క ఇంకదు, గుట్ట నీళ్లన్నీ మా వీధిలోకే. కంపెనీ ఇచ్చిన రిపోర్టులో మాత్రం "వాన నీరు పాత దారినే పోవును, స్థానికులకు ఏ ఇబ్బందీ ఉండదు" అని ఉంది. ఆ పాత దారిలోనే నా షాపుంది.

అనుమతి ఇచ్చే ముందు టౌన్ ప్లానింగ్ ఆఫీసు నుంచి ఇంజనీరమ్మ వీధి చూడటానికి వస్తుందని, అందరి అభ్యంతరాలూ వింటుందని కబురొచ్చింది. ప్రెసిడెంటు గారి వరండాలో అందరం చేరాం.

"సాక్ష్యం కావాలి," అన్నారు ప్రెసిడెంటు గారు. "పోయిన వానకి ఎవరైనా ఫొటోలు తీశారా?"

పాల బూతు ఆవిడ ఫోను తీసింది. అందులో ఆవిడ మొహం, మొహం వెనక ఆకాశం ఉన్నాయి. వరద లేదు.

"కిందికి పట్టకపోయావా అమ్మా?" అన్నారాయన.

"కింద బాగా రాలేదండీ, నైటీలో ఉన్నా," అంది ఆవిడ.

అప్పుడు లేచాడు బావ. ఆ లేవడం ఇప్పటికీ నాకు కళ్లకు కట్టినట్టుంది. "ఫొటోలెందుకండీ? నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయో గోడగోడకీ నీలం గీత గీసేస్తా. చూడగానే గుండె గుభేల్మనాలి. పెయింటు నాది, చెయ్యి నాది. పైసా వద్దు."

"నా షాపు గోడ మీద మరకే ఉంది కదా బావా, మోకాలి ఎత్తున," అన్నాను.

"మరకని ఎవడు చూస్తాడురా? మరకకి కళేదీ?" అన్నాడు. వీధి వీధంతా తలూపింది. ఉచితమంటే మా వాళ్ల మెడలు వాటంతటవే ఊగుతాయి.

మర్నాడు పొద్దున్నే డబ్బా పట్టుకుని పైనుంచి మొదలుపెట్టాడు. ప్రెసిడెంటు గారింటి ముందు నిజానికి వచ్చింది చీలమండ దాకా. "చీలమండంటే ప్రెసిడెంటు పరువేం కాను, మోకాలికి వేయి," అన్నారాయన. పాల బూతు ఆవిడ అది చూసొచ్చి, "ఎత్తు మీదున్న ఆయనకే మోకాలైతే, దిగువనున్న నాకు నడుముకి రాదా?" అంది. న్యాయమే. నడుముకి గీశాడు. దాని కింద బావ సొంతిల్లు. సొంతింటికి ఎవరైనా తక్కువ చేసుకుంటారా? స్టూలెక్కి, తలుపు నెత్తిన గీశాడు. గీత మరీ బోసిగా ఉందని అలలు దిద్దాడు. అలలు ఖాళీగా ఉన్నాయని వాటి మధ్య ఒక చేపని వేశాడు. చేప బాగా వచ్చింది. కన్ను కొడుతున్నట్టుంది.

చేప సంగతి పైకి పాకింది. ప్రెసిడెంటు గారు చెప్పుల్లేకుండా దిగి వచ్చారు. "పెయింటరింటికి తలుపు మీదా, ప్రెసిడెంటుకి మోకాలూనా? ఇదేం పద్ధతయ్యా?" అని బావని వెనక్కి పట్టుకెళ్లారు. ఆయన గీత కిటికీ నెత్తికెక్కింది. దాంతో పాలావిడకి నడుము చాలలేదు, మెడ కావాలంది. బావ డబ్బాతో పైకీ కిందికీ తిరుగుతూనే ఉన్నాడు. మా అక్క గుమ్మంలో నిలబడి, "మీ బావకి పెళ్లిలో కూడా ఇంత హుషారు లేదురా," అంది.

ఆఖరికి నా దగ్గరికొచ్చాడు. "చెప్పరా బావమరిదీ. అందరికంటే పల్లంలో ఉన్నావు. నీకు కప్పు మీద వేయాలి న్యాయానికి. రెండు చేపలు పెడతా."

నా చిక్కు నాకుంది. సినిమా హాలాయన ముందు రోజే ఫోను చేశాడు. హాల్లో రెండు వందల సీట్లు చిరిగిపోయాయి, అన్నీ నా చేతికే ఇద్దామని ఉంది. "మీ వీధిలోకి నీళ్లొస్తాయంటగా?" అని అడిగాడు. "నా గడప కూడా తడవదండీ" అని నోరు జారాను. జారింది నోరు కాదు, ఆశ. ఆయన చూసుకోవడానికి వచ్చేది కూడా ఇంజనీరమ్మ వచ్చే రోజే, ఒక గంట ముందు.

"బావా, ప్రస్తుతానికి నాకు కిందగా, గడపకి ఆనించి గియ్యి. ఆయన వెళ్లగానే పైకి జరుపుదువుగాని," అన్నాను.

"గీతంటే లాగూ బొందనుకున్నావురా, కావాల్సినప్పుడు పైకి లాగడానికి?" అని విసుక్కున్నాడు గానీ గీశాడు. చేప లేదు. "ఈ లోతులో చేప బతకదు," అన్నాడు.

తెల్లారింది. సినిమా హాలాయన చెప్పిన వేళకే వచ్చాడు. భారీ మనిషి. వీధి పైనుంచి ఒక్కో గోడా చూసుకుంటూ దిగి, నా గుమ్మం ముందు ఆగాడు.

"పైన కిటికీలు మునిగాయి. పల్లంలో నీ గడప తడవలేదు. ఏం మాయయ్యా ఇది?"

"పునాది గట్టిదండీ," అన్నాను. పునాదికీ దానికీ ఏం సంబంధమో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. నా కుట్టు చూశాడు, రెక్సిన్ లాగి చూశాడు, తల పంకించాడు. ఇక బయలుదేరతాడనుకున్నాను. రోడ్డు మీద పెట్టిన నా సోఫాలో కూలబడ్డాడు.

"ఏదో విచారణంటగా. చూసే పోతా. ఈ మధ్య నా హాల్లో కూడా ఇంత జనం లేరు."

బ్రష్షు వీపు వెనక దాచుకుని బావ వచ్చాడు. హాలాయన సరిగ్గా నా గీత పక్కనే కూర్చున్నాడు. బావ గోడ వైపు జరిగితే ఆయన తల తిప్పుతాడు. బావ ఆకాశం వైపు చూస్తాడు.

"ఏం బావగారూ, వెనకేదో దాచారు?" అన్నాడాయన.

"వీపు దురదండీ," అని బావ బ్రష్షుతో నిజంగానే గోక్కున్నాడు. చొక్కా వెనక నీలం పడింది.

"బావా, మెల్లగా వంగి గియ్యి. ఆయన ఫోను చూసుకుంటున్నాడు," అని గొణిగాను.

"ఆయన ఫోను చూసుకోవట్లేదురా, నా వీపు ఫొటో తీస్తున్నాడు."

ఇంతలో ఇంజనీరమ్మ జీపు దిగింది. వెంట మూడు కాళ్ల లెవెల్ మిషనూ, అంకెలేసిన పొడుగాటి కర్రా, అవి మోసే మనిషీ. వెనకే కంపెనీ తరఫున టై కట్టుకున్నాయన. ఆ ఎండలో టై చూసి మా ఆవిడ, "పాపం, ఎవరో కట్టేసినట్టున్నారు," అంది.

ఇంజనీరమ్మ మిషను నిలబెట్టించి, కాగితాలు చూసుకుంటూ అలవాటుగా బావ గోడకి ఆనుకోబోయింది.

"ఆనుకోకండి మేడమ్, ఇంకా ఆరలేదు," అన్నాడు బావ. తన పెయింటు ఎవరికైనా అంటుకుంటే ఆయన తట్టుకోలేడు. అక్కడొక్క చోటే ఆయనకి నిజాయితీ.

ఆవిడ గీత వంక చూసింది. "ఇది పోయినేడు వచ్చిన వరదేనా?"

"అవునండీ."

"ఇంకా ఆరలేదా?"

సినిమా హాలాయన సోఫాలో ముందుకి జరిగి కూర్చున్నాడు. ఆవిడ మొహంలో ఏ మార్పూ లేకుండా, "ఈ చేప ఎవరిది?" అంది.

"నాదేనండీ," అన్నాడు బావ, సిగ్గుపడుతూ.

ఆవిడ గీతగీతకీ కర్ర పెట్టించి, మిషన్లో చూసి, రాసుకుంటూ నా దాకా దిగి వచ్చింది. అప్పుడు తలెత్తి అందరికీ వినబడేలా చెప్పింది. "మీ గీతల ప్రకారం నీళ్లు ప్రెసిడెంటు గారి కిటికీ మీద బయలుదేరాయి. పాల బూతు దగ్గర మెడ దాకా ఉన్నాయి. ఈయన తలుపు మీద చేపతో సహా ఉన్నాయి. సోఫా షాపు దగ్గరికొచ్చేసరికి మాయమయ్యాయి. అంటే అక్కడ వాటికి పోవడానికి మంచి దారి ఉండాలి."

"ఉంది మేడమ్," అన్నాడు టై ఆయన. ఆయన మొహం వెలిగిపోయింది. "మా రిపోర్టులో అదే రాశాం. అదిగో." చెయ్యి చాపి చూపించాడు.

చూపించింది నా పట్టీని.

ఇటు నిజం చెబితే రెండు వందల సీట్లు పోతాయి, వీధి గీతలన్నీ అబద్ధమని నేనే చాటినట్టు. చెప్పకపోతే పట్టీ పోతుంది, గుట్ట మీది నీళ్లన్నీ వచ్చి నా పక్కలో పడుకుంటాయి. బావ వైపు చూశాను. ఆయన తన చేప వైపు చూసుకుంటున్నాడు.

ఇక ఆగలేకపోయాను. షాపులోకి పోయి గోడకి వేలాడుతున్న రెక్సిన్ తానుని పక్కకి లాగేశాను. దాని వెనక మట్టిరంగు మరక, మోకాలి ఎత్తున, ఈ మూల నుంచి ఆ మూలకి. "అమ్మా, ఇదీ అసలు గీత. ఇది బ్రష్షుతో గీసింది కాదు. తడిసిన ఫోము ఎలా ఉంటుందో ఎత్తినవాడికి తెలుస్తుంది. ఆరుగురం పట్టినా సోఫా లేవలేదు. అలిగిన అల్లుడిలా బిగదీసుకుని కూర్చుంది."

సినిమా హాలాయన మెల్లగా లేచాడు. "గడప తడవదన్నావు."

"మీకు చెప్పింది వ్యాపారమండీ. ఆవిడకి చెప్పింది వరద."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. నవ్వాడో దగ్గాడో తెలియలేదు, మళ్లీ కూర్చున్నాడు.

ఇంజనీరమ్మ ప్రెసిడెంటు గారి వైపు తిరిగింది. "మరి మీకు?"

ఆయన గొంతు సవరించుకున్నారు. "కిటికీ అంటే... మరీ కిటికీ కాదనుకోండి. మోకాలు."

"మోకాలా?"

"మోకాలి దిగువ."

"ఎంత దిగువ?"

"చీలమండ," అన్నారాయన, ఎవరికీ వినబడకూడదన్నట్టు.

"చీలమండా?" అంది పాల బూతు ఆవిడ. "ఆయన చీలమండకి దిగితే నేను మెడ దాకా ఎందుకు మునగాలండీ? నాది పిక్క వరకే రాసుకోండి." సంతలో బేరం దిగినట్టు ఇంటింటా వరద దిగిపోయింది. ముందు రోజు ఎక్కించడానికి ఎంత పోటీయో ఇప్పుడు దించడానికి అంత పోటీ. చివరికి బావ మిగిలాడు.

"నీళ్లు అరుగు దాకానేనండీ," అన్నాడు. "చేప మాత్రం నిజం. చిన్నది. మా ఆవిడ బకెట్లోకొచ్చింది."

"వచ్చింది," అంది మా అక్క గుమ్మంలోంచి. "ఈయన లాగే ఉంది, నోరు మూయలేదు."

అంతే, ఇంజనీరమ్మ ఇక ఆపుకోలేకపోయింది. కాగితాలు మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వి, నిలబడలేక వచ్చి సినిమా హాలాయన పక్కన నా సోఫాలో కూర్చుంది. ఆవిణ్ని చూసి మిషను మోసే మనిషి, ఆయన్ని చూసి మేమంతా. ప్రెసిడెంటు గారు నవ్వుతూ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. టై ఆయన కూడా నవ్వి, నవ్వకూడదని గుర్తొచ్చి ఆపాడు. కడుపు పట్టుకుని నవ్వుతున్నా నాకు ఏడుపూ వస్తోంది. రెండూ ఒకే దారిన వస్తాయని అప్పుడే తెలిసింది.

ఆవిడ కళ్లు తుడుచుకుని లేచింది. ఇప్పుడు మొహం మారింది. "మీ అబద్ధాన్ని నమ్మితే నీళ్లు ఇక్కడి నుంచి పోతున్నాయి. మీ నిజాన్ని నమ్మితే ఇక్కడికొచ్చి ఆగుతున్నాయి. ఎలా చూసినా దారి పడాల్సింది ఇక్కడే." తర్వాత టై ఆయన వైపు తిరిగింది. "ఈ ప్లానుకి నేను అనుమతి రాయను. గుట్ట మీదే చెరువంత గుంట తవ్వి వాన నీళ్లు ఆపాలి. అందుకు చోటు కావాలి కనక ఫ్లాట్లు తగ్గించాలి. గుంట నుంచి రోడ్డు కింద మూతల కాలువ కట్టి, మెల్లగా పెద్ద కాలువలోకి వదలాలి. ఈ వీధి నీళ్లు కూడా అందులోకే. ఖర్చంతా మీదే."

వీధిలో చప్పట్లు మొదలయ్యాయి. ఆవిడ చెయ్యెత్తి ఆపింది. "కాలువ ఆఖరి ముక్క ఈయన సొంత జాగాలోంచి పోవాలి. ఇవ్వాలని బలవంతం లేదు. ఇవ్వకపోతే కొత్త ప్లాను గీయాలి, అది తేలేలోపు వచ్చే వానలకి మీరు మళ్లీ ఈదాలి. ఇస్తే కంపెనీ దానికి ధర కడుతుంది. నిదానంగా ఆలోచించుకుని చెప్పండి." చివరి మాట నాకు.

నాకు ఆలోచించడానికి వ్యవధి దొరకలేదు. బావకి దొరికింది.

"ఆలోచించేదేముందండీ," అన్నాడు, నీలం చేత్తో నా భుజం పట్టుకుని. "ఇస్తాడు. ధర కూడా వద్దు. మా వాడు నీళ్లకి దారి అమ్ముకునే రకం కాదు."

జీవితంలో నా గురించి ఎవరూ అంత మంచి మాట అనలేదు. అన్నవాడు మా బావ, ఇచ్చేసింది నా జాగా. వద్దనడానికి నోరు తెరిచాను. అప్పటికే వీధి వీధంతా చప్పట్లు కొడుతోంది. పాలావిడ ఈల వేసింది. ఎన్నేళ్లుగానో "ఏయ్ సోఫా" అని పిలిచే ప్రెసిడెంటు గారు దగ్గరికొచ్చి, నా చెయ్యి రెండు చేతులా పట్టుకుని, "సోఫా గారూ, మీరు ఈ వీధికి..." అంటూ ఊపేశారు. ఆ 'గారు' నా తలకెక్కింది. తల ఊగింది. నేను ఊపానా, అదే ఊగిందా అని మా ఆవిడ ఇప్పటికీ నిలదీస్తూనే ఉంది.

ఆ సాయంత్రం బావ టీకొచ్చాడు.

"అన్నయ్యగారూ, పంచదార అయిపోయింది," అంది మా ఆవిడ.

"చప్పగానే ఇవ్వు చెల్లెమ్మా."

"టీపొడి కూడా."

"ఉత్త నీళ్లివ్వు."

"నీళ్లకి దారి మీ బావమరిది ఇచ్చాడుగా, కాలువలోకి పోయి తాగండి," అంది. తర్వాత ఇచ్చిందనుకోండి, దిట్టంగా. మా ఇంట్లో కోపాలు కూడా అంతే, నిలవవు.

ఇంజనీరమ్మ రాసిందే టౌన్ ప్లానింగ్ కమిటీ ఒప్పుకుంది. ఫ్లాట్లు తగ్గాయి, గుంట తవ్వారు, కాలువ వేశారు. సినిమా హాలాయన ఫోను చేశాడు. "అప్పుడు అబద్ధం చెప్పావు. ఇప్పుడది నిజమైందిగా. సీట్లు పంపుతున్నా." లారీలో సీట్లు దిగాయి. షెడ్డుంటే అందులో పెట్టేవాణ్ని. షెడ్డు పడాల్సిన చోట కాలువ. చేసేది లేక ఇంటికిన్ని చొప్పున వీధి వరండాలన్నిటిలో పెట్టించాను.

మొదటి పెద్ద వాన పడ్డ రోజు ఎవరూ సామాను ఎత్తలేదు. అందరూ వరండాల్లో సినిమా సీట్లలో కాళ్లు చాపుకుని కూర్చుని, రోడ్డు పక్క జాలీల్లోంచి నీళ్లు లోపలికి దూకడం చూస్తున్నారు. ప్రెసిడెంటు గారు, "నాది బాల్కనీ" అని పైనుంచి కేక వేశారు. పాలావిడ, "ఇంటర్వెల్ ఎప్పుడండీ?" అంది. నా షాపులో ఫోము బొట్టు తడవలేదు. బావ గొడుగు పట్టుకుని వెళ్లి కాలువ మూత మీద తను వేసిన చేప చెదరలేదు కదా అని చూసుకొచ్చాడు. ఆ చేపా కన్ను కొడుతూనే ఉంది.

వచ్చి నా పక్క సీట్లో కూర్చుని, "చూశావా, అందరూ ఎంత ఆనందంగా ఉన్నారో," అన్నాడు. "నీది పోయిందేముందిరా?"

చెబుతాను బావా. ఆరడుగుల వెడల్పు, యాభై నాలుగు అడుగుల పొడవు. ముప్పై ఆరు గజాలు.